పునాది లండన్‌లో, గోడలు మిసోరీలో: సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ చర్చి చరిత్ర

లండన్ పాత నగరంలో, గిల్డ్‌హాల్ భవనానికి పక్కనే, ఆల్డర్‌మన్‌బరీ అనే వీధిలో ఒక చిన్న తోట ఉంది. మధ్యాహ్నం వేళ చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు అక్కడి బెంచీల మీద కూర్చుని భోజనం చేస్తుంటారు. వాళ్ల కాళ్ల దగ్గరే, నేలలో, ఒక పెద్ద కట్టడపు పునాదుల ఆనవాళ్లు కనిపిస్తాయి. ఆ పునాదుల మీద దాదాపు మూడు వందల ఏళ్లు నిలిచిన గోడలు మాత్రం ఇప్పుడు అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల, అమెరికాలోని మిసోరీ రాష్ట్రంలో, ఫుల్టన్ అనే చిన్న పట్టణంలో ఉన్నాయి. సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ ఒకప్పటి ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చికి చెందిన, పారిష్ చర్చి. ఈ రోజు దాన్ని చూడాలనుకునేవాళ్లు రెండు ఖండాలకు వెళ్లవలసి వస్తుంది. ఒకచోట నేల ఉంది, మరొకచోట రాయి ఉంది.

ఇంగ్లండులో 'మాజీ పారిష్ చర్చి' అని పిలిచే భవనాలు వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో కొన్ని ఇళ్లయ్యాయి, కొన్ని కచేరీ హాళ్లయ్యాయి, కొన్ని పైకప్పు లేని తోటలుగా మిగిలాయి. ఒక చర్చి ఏ క్షణంలో చర్చి కాకుండా పోతుందన్న ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పడం కష్టం. ఎందుకంటే అలాంటి చర్చిలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి: చుట్టూ నివసించే జనం, బిషప్పు ప్రతిష్ఠ వల్ల ఏర్పడిన చట్టపరమైన స్థితి, రాయీ సున్నంతో కట్టిన భవనం, దాని కింద సమాధులతో నిండిన నేల. మామూలుగా ఈ నాలుగూ ఎంతగా కలిసిపోయి ఉంటాయంటే వాటిని విడివిడిగా చూడాలన్న ఆలోచనే మనకు రాదు. ఆల్డర్‌మన్‌బరీలో అవి ఒక్కొక్కటిగా, వేర్వేరు శతాబ్దాలలో విడిపోయాయి. అందువల్లనే ఈ ఒక్క చర్చి కథ తెలిస్తే మిగతా వాటి సంగతి అర్థం చేసుకోవడం సులువవుతుంది.

ముందుగా పారిష్ అనే మాట గురించి చెప్పాలి. మన కథోలికులు దీనిని 'విచారణ' అంటారు, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) వాళ్లు 'పాస్టరేట్' అంటారు. అయితే ఇంగ్లండ్ పారిష్‌కు వీటికి లేని ఒక లక్షణం ఉంది. అది సభ్యుల జాబితా కాదు, సరిహద్దులు గీసిన భూభాగం. ఆ హద్దుల్లో నివసించే ప్రతి మనిషికీ, అతడు ఆరాధనకు వచ్చినా రాకపోయినా, ఆ చర్చిలో పెళ్లి చేసుకునే హక్కూ ఆ ఆవరణలో సమాధి పొందే హక్కూ ఉండేవి. 1538 నుంచి బాప్తిస్మాలను, పెళ్లిళ్లను, సమాధులను పుస్తకంలో రాసి పెట్టే బాధ్యత పారిష్‌ది. 1601 నాటి చట్టం తర్వాత పేదలను పోషించడానికి పన్ను వసూలు చేసే బాధ్యత కూడా దానిదే అయింది. మన ఊళ్లలో కరణం చేసిన పనిలో కొంత, పంచాయతీ చేసే పనిలో కొంత, గుడి చేసే పని మొత్తం ఒకే చోట జరిగేదనుకుంటే పారిష్ స్వరూపం కొంతవరకు అర్థమవుతుంది.

సెయింట్ మేరీ ఆల్డర్‌మన్‌బరీ పేరు 1181 నాటికే పత్రాలలో కనిపిస్తుంది. అంటే ఆంగ్లికన్ అనే విభజన పుట్టకముందే, రోమ్‌లోని పోపు అధికారం కింద, అది పారిష్ చర్చిగా ఉంది. 1534లో ఎనిమిదో హెన్రీ రాజు ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతినని చట్టం చేయించినప్పుడు ఈ చర్చి గోడలు మారలేదు, హద్దులు మారలేదు, వచ్చే జనమూ మారలేదు, విధేయత ఒక్కటే మారింది. ఇలాంటి మార్పునే మన నేల మీద 1947 సెప్టెంబరు 27న చూశాం. ఆ రోజు మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడగానే డోర్నకల్‌లోని ఆంగ్లికన్ కేథడ్రల్ సీఎస్ఐ కేథడ్రల్ అయింది. ఆ లెక్కన డోర్నకల్ కేథడ్రల్ కూడా మాజీ ఆంగ్లికన్ చర్చే. కానీ అక్కడ గంట ఆగలేదు, సంఘం చెదరలేదు. 'మాజీ' అనే ఒక్క మాటతో పిలిచే చర్చిలన్నింటికీ ఒకే గతి పట్టిందనుకోకూడదని చెప్పడానికి డోర్నకల్ మంచి ఉదాహరణ.

పదిహేడో శతాబ్దంలో ఆల్డర్‌మన్‌బరీ పారిష్ లండన్‌లోని ప్రముఖ పారిష్‌లలో ఒకటి. షేక్‌స్పియర్ సహ నటులైన జాన్ హెమింగ్స్, హెన్రీ కాండెల్ ఈ పారిష్ వాసులు. షేక్‌స్పియర్ మరణించిన ఏడేళ్లకు, 1623లో, 36 నాటకాలను ఒకే సంపుటంగా అచ్చు వేయించినది వీళ్లిద్దరే. ఆ నాటకాలలో దాదాపు సగం అంతకుముందు అచ్చు కాలేదు. వీళ్లు పూనుకోకపోతే 'మాక్‌బెత్', 'ది టెంపెస్ట్' వంటి నాటకాలు మనకు దక్కేవో లేదో తెలియదు. ఇద్దరినీ ఈ చర్చిలోనే సమాధి చేశారు. కవి జాన్ మిల్టన్ 1656లో చేసుకున్న రెండో పెళ్లి నమోదైనది కూడా ఈ పారిష్ రిజిస్టరులోనే.

ఆ కాలంలో ఈ చర్చికి కాపరిగా ఉన్న ఎడ్మండ్ కాలమీ కథ మరీ ముఖ్యమైనది. 1639లో పదవిలోకి వచ్చిన కాలమీ బిషప్పుల పాలనను వ్యతిరేకించే ప్రెస్బిటేరియన్ పక్షం వాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధ కాలంలో ఆ పక్షానిదే పైచేయి కాబట్టి అప్పట్లో ఈ చర్చిని ఆంగ్లికన్ చర్చి అనడం కూడా కష్టమే. రాజరికం తిరిగి వచ్చాక, 1662లో, అధికారిక ప్రార్థనా గ్రంథాన్ని పూర్తిగా అంగీకరించని కాపరులందరినీ తొలగిస్తూ చట్టం వచ్చినప్పుడు ఆయన పదవి పోయింది. తర్వాత ఒక రోజు ప్రసంగించవలసిన వ్యక్తి రాకపోవడంతో, పాత సంఘం కోరగా తన పాత పీఠం ఎక్కి మాట్లాడినందుకు ఆయనను న్యూగేట్ జైలులో పెట్టారు. 1666 సెప్టెంబరు 2న మొదలైన లండన్ మహాగ్నిలో చర్చి కాలిపోయింది. బూడిదైన నగరాన్ని బండిలో తిరిగి చూసిన కాలమీ ఆ దుఃఖం నుంచి తేరుకోలేక కొద్ది వారాలకే మరణించాడు. ఆయనను ఆ చర్చి శిథిలాల మధ్యనే, ప్రసంగ పీఠం ఉండిన చోటికి దగ్గరగా పాతిపెట్టారు. పైకప్పు లేదు, పీఠం లేదు, పదవీ లేదు. అయినా జనం ఆ నేలను తమ చర్చిగానే భావించారు. భవనం పోయినంత మాత్రాన చర్చి పోదని ఈ స్థలం మొదటిసారి చూపించింది అప్పుడే.

ఆ అగ్నిలో 87 పారిష్ చర్చిలు నాశనమయ్యాయి. నగర పునర్నిర్మాణానికి లండన్‌కు వచ్చే బొగ్గు మీద పన్ను వేసి, ఆ డబ్బుతో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ పర్యవేక్షణలో 51 చర్చిలు తిరిగి కట్టారు. మిగిలిన వాటిని మళ్లీ కట్టలేదు, వాటి పారిష్‌లను పక్క పారిష్‌లతో కలిపేశారు. ఆల్డర్‌మన్‌బరీ కట్టించుకున్న వాటి జాబితాలో ఉంది. 1670లలో పోర్ట్‌లాండ్ రాయితో, ముందరి చర్చి ఉన్న చోటనే, మధ్యలో ఒక నడవ, ఇరుపక్కల రెండు చిన్న నడవలు, ఒక గంట గోపురంతో అది తిరిగి లేచింది. రెన్ కట్టిన వాటిలో ఇది ఆడంబరమైనది కాదు, ధర్మాసనం మీద క్రూరుడని పేరుపడ్డ న్యాయమూర్తి జెఫ్రీస్ శరీరాన్ని తర్వాత ఇక్కడే సమాధి చేశారన్న సంగతి తప్ప ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో చరిత్రకెక్కినది కొంచెమే.

ఆ నిశ్శబ్దంలోనే చర్చికి అసలు ప్రమాదం మొదలైంది. లండన్ పాత నగరంలో 1801లో సుమారు 1,28,000 మంది నివసించేవాళ్లు. 1901 నాటికి వాళ్లు సుమారు 27,000కు తగ్గారు, 1951 నాటికి 5,000 మందికి కాస్త పైగా మిగిలారు. రైళ్లు వచ్చాక వర్తకులు శివార్లకు తరలిపోయారు, వాళ్ల ఇళ్లు ఉన్న చోట బ్యాంకులు, గిడ్డంగులు, ఆఫీసులు లేచాయి. పగలంతా లక్షల మంది తిరిగే నగరం ఆదివారం ఉదయం నిర్మానుష్యంగా ఉండేది. పారిష్ అంటే భూభాగమని పైన చెప్పుకున్నాం. ఆ భూభాగంలో నిద్రపోయే మనిషే లేకపోతే పారిష్ మ్యాపు మీది గీతగా మాత్రమే మిగులుతుంది.

1860లో వచ్చిన చట్టం దీనికి ఒక పరిష్కారం చూపింది. దాని ప్రకారం నగరంలోని పారిష్‌లను కలిపి, మిగిలిపోయిన చర్చిని కూల్చి, నేలను అమ్మి, ఆ డబ్బుతో జనం పెరుగుతున్న శివార్లలో కొత్త చర్చిలు కట్టవచ్చు. ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ దాని మూలంగా రెన్ కట్టినవే డజనుకు పైగా చర్చిలు నేలమట్టమయ్యాయి. ఆల్డర్‌మన్‌బరీకి కూతవేటు దూరంలోని సెయింట్ మైకేల్ బాసిషా 1900లో పోయింది. 1930ల చివర్లో లాంబార్డ్ వీధిలోని ఆల్ హాలోస్ చర్చిని విప్పినప్పుడు మాత్రం దాని గోపురాన్ని జాగ్రత్తగా తీసుకుపోయి ట్వికెన్‌హామ్‌లో కొత్తగా కట్టిన చర్చి పక్కన నిలబెట్టారు. చర్చి రాళ్లను విప్పి మరొక చోట పేర్చడం ఫుల్టన్‌తో మొదలు కాలేదని దీనివల్ల తెలుస్తుంది. నా అభిప్రాయంలో ఆల్డర్‌మన్‌బరీని పారిష్ చర్చిగా చంపినది బాంబు కాదు, ఈ ఖాళీతనమే. బాంబు పడేనాటికి దాని జనం ఎప్పుడో వెళ్లిపోయారు.

1940 డిసెంబరు 29 ఆదివారం రాత్రి జర్మన్ విమానాలు పాత నగరం మీద వేల కొద్దీ అగ్గి బాంబులు కురిపించాయి. సెలవు రోజు కావడంతో ఆఫీసులకూ చర్చిలకూ తాళాలు వేసి ఉన్నాయి, పైకప్పు మీద పడ్డ బాంబును వెంటనే తీసి పారేసే కావలి మనుషులు చాలాచోట్ల లేరు. థేమ్స్ నదిలో నీరు బాగా తగ్గి ఉన్న సమయం కావడంతో పంపులకు నీళ్లు అందలేదు. గిల్డ్‌హాల్ పైకప్పు కాలిపోయింది. దాని ముందరి సెయింట్ లారెన్స్ జ్యూరీ, ఫ్లీట్ వీధిలోని సెయింట్ బ్రైడ్స్, న్యూగేట్ వీధిలోని క్రైస్ట్ చర్చి ఆ రాత్రే తగలబడ్డాయి. ఆల్డర్‌మన్‌బరీలో లోపలి కొయ్య పని, పైకప్పు, ఆర్గన్ అన్నీ భస్మమై బయటి గోడలూ గోపురమూ మాత్రం నిలిచాయి.

యుద్ధం తర్వాత కాలిన చర్చిలన్నింటికీ ఒకే తీర్పు రాలేదు. సెయింట్ బ్రైడ్స్‌కు పత్రికా రంగం అండ ఉంది, సెయింట్ లారెన్స్ జ్యూరీకి నగర పాలక సంస్థ అండ ఉంది, ఆ రెంటినీ తిరిగి కట్టి 1957లో తెరిచారు. క్రైస్ట్ చర్చిని గోడలతో అలాగే వదిలేశారు, తర్వాత అందులో గులాబీ తోట వేశారు. ఆల్డర్‌మన్‌బరీకి ఇరవై ఏళ్లు గడిచినా పూనుకున్నవాళ్లు లేరు. సెయింట్ లారెన్స్ జ్యూరీ దానికి రెండు నిమిషాల నడకలో ఉంది. అంత దగ్గర దగ్గరగా రెండు చర్చిలను నింపగలిగేంత మంది అక్కడ నివసించడం లేదు.

ఈ కథ అమెరికా మలుపు తీసుకున్నది ఇక్కడే. 1946 మార్చి 5న, అప్పటికి ప్రధాని పదవి కోల్పోయిన విన్‌స్టన్ చర్చిల్, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ సమక్షంలో, ఫుల్టన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కాలేజీ వ్యాయామశాలలో ప్రసంగించి, సోవియట్ పక్షాన్ని మిగతా ఐరోపా నుంచి వేరు చేస్తూ 'ఇనుప తెర' దిగిందన్న మాటను ప్రపంచమంతటా వ్యాపింపజేశాడు. 1961లో ఆ కాలేజీ అధ్యక్షుడు రాబర్ట్ డేవిడ్‌సన్ ఆ సందర్భానికి ఒక స్మారకం కోసం ఆలోచిస్తున్నప్పుడు, కూల్చివేతకు ఎదురుచూస్తున్న రెన్ చర్చిల గురించి ఒక పత్రికలో వచ్చిన కథనం ఆయన దృష్టికి వచ్చింది. ఆ చర్చిలలో ఒకదాన్ని తెచ్చుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది. లండన్ డయోసిస్ (అక్కడి బిషప్పు పాలనా ప్రాంతం) ఒప్పుకుంది, చర్చిల్ ఆశీర్వదించాడు. 1964 ఏప్రిల్ 19న ట్రూమన్ చేతనే ఫుల్టన్‌లో మొదటి పార మట్టి తీయించారు. మరుసటి సంవత్సరం జనవరిలో చర్చిల్ మరణించాడు. లండన్‌లో రాళ్లను విప్పడం ఆ ఏడాదే మొదలైంది.

ప్రతిష్ఠ సంగతి తెలియకపోతే ఇందులోని చిక్కు అర్థం కాదు. ఆంగ్లికన్ బిషప్పు ఒక చర్చిని ప్రతిష్ఠించడమంటే ప్రార్థన చేసి వెళ్లిపోవడం కాదు, ఆ నేలనూ భవనాన్నీ దైవకార్యానికి శాశ్వతంగా కేటాయిస్తూ పత్రం మీద సంతకం చేయడం కూడా అందులో భాగం. అది చట్టపరమైన బంధం. పైకప్పు కాలినా, ఆరాధన ఆగినా, చివరి మనిషి వెళ్లిపోయినా దానంతట అది తెగదు, తగిన అధికారంతో తెంచాలి. చనిపోయినవాళ్లు ఆ నేలలో ఉన్నారు కాబట్టి ఆ విషయం మరింత సున్నితమైనది. రాళ్లను తీసుకుపోవచ్చు కానీ నేలను వ్యాపారానికి మామూలు స్థలంలా అప్పగించడం అంత సులువు కాదు. అందుకే గోడలు పోయాక ఆ చోట మరొక ఆఫీసు భవనం లేవకుండా తోట మిగిలింది. ఇలాంటి మూసివేతలకు ఒక క్రమమైన పద్ధతిని ఏర్పరిచిన చట్టం ఇంగ్లండులో 1968లో తయారై 1969లో అమల్లోకి వచ్చింది. వాడుకలో లేని చర్చికి కొత్త ఉపయోగం వెతకాలని, దొరక్కపోతే విలువైనదాన్ని ప్రత్యేక నిధి కింద కాపాడాలని, కూల్చడం చివరి మార్గంగా ఉండాలని ఆ పద్ధతి చెబుతుంది. ఆ నిధికి వారసురాలైన ట్రస్టు ఇప్పుడు 350కి పైగా చర్చిలను చూసుకుంటోంది. ఆల్డర్‌మన్‌బరీ రాళ్లు ఓడ ఎక్కేనాటికి ఆ రక్షణ లేదు. అప్పటి పరిస్థితిలో ఫుల్టన్ వాళ్లు రాకపోయి ఉంటే ఆ రాళ్లు ఏదో రోడ్డు కింద కంకరగా మారి ఉండేవని అనుకోవడం అతిశయోక్తి కాదు.

గోడలను విప్పిన తీరు మన పాఠకులకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ నీళ్లు కమ్మకముందు నాగార్జునకొండ కట్టడాలను కొండ పైకీ అనుపుకూ తరలించిన పని, శ్రీశైలం ప్రాజెక్టు వల్ల కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టిన పని ఇలాంటివే. ఆల్డర్‌మన్‌బరీలో దాదాపు 7,000 రాళ్లకు, సుమారు 700 టన్నులకు, ఒక్కొక్కదానికి గుర్తు వేసి విప్పారు. అవి సముద్రం దాటి, దేశం మధ్యకు చేరి, ఫుల్టన్‌లో ఒక మైదానమంతా పరుచుకున్నప్పుడు వాటిని సరిగ్గా వరుస పెట్టడమే పెద్ద పని అయింది. లండన్‌లో మార్షల్ సిస్సన్, సెయింట్ లూయిస్‌లో ఫ్రెడరిక్ స్టెర్న్‌బర్గ్ అనే వాస్తుశిల్పులు ఆ పనిని నడిపారు. మూడు శతాబ్దాల పొగ మసి కడిగేసరికి నల్లబడిన రాయి కింద నుంచి పోర్ట్‌లాండ్ సున్నపురాయి అసలు తెలుపు బయటపడింది. 1969 మే 7న ఆ భవనాన్ని ప్రతిష్ఠించారు.

ఫుల్టన్ భవనం పాత చర్చేనా? బయటి గోడలు, గోపురం పాత రాయివే. లోపల కనిపించేవన్నీ, పీఠం నుంచి కప్పు మీది గచ్చు పని వరకు, కొత్తగా చేసినవి. పంతొమ్మిదో శతాబ్దంలో జరిగిన మార్పులను వదిలేసి రెన్ నాటి రూపాన్నే లక్ష్యంగా పెట్టుకున్నారు. అంటే 1940లో కాలిపోయిన చర్చిని కాక, 1670లలో కట్టిన చర్చిని తిరిగి కట్టారు. ఇది ఒక నిర్ణయం, మధ్యలోని రెండున్నర శతాబ్దాల చేతి ముద్రలు దానివల్ల చెరిగిపోయాయి. నాకు ఈ విషయం కొంత బాధ కలిగిస్తుంది. అయినా ఆ కొత్త పనిని నకలు అని కొట్టిపారేయలేం. ఆర్గన్‌ను తయారు చేసిన లండన్ శిల్పి నోయెల్ మాండర్, 1940 నాటి ఆ రాత్రి మంటలార్పే దళంలో ఉండి ఆ చర్చి కాలిపోవడాన్ని కళ్లారా చూసినవాడు. కాలిన దాని స్థానంలో కొత్తది చేసి పంపినది ఆయనే.

ఇప్పుడు ఫుల్టన్‌లో ఆ భవనం కాలేజీకి ప్రార్థనా మందిరం, దాని కింది అంతస్తులో చర్చిల్ మ్యూజియం ఉంది. పక్కనే బెర్లిన్ గోడ నుంచి తెచ్చిన పలకలతో చర్చిల్ మనవరాలు ఎడ్వినా శాండిస్ చేసిన శిల్పం ఉంది. 1992లో సోవియట్ యూనియన్ చివరి అధ్యక్షుడు మిఖాయిల్ గోర్బచేవ్ అక్కడే నిలబడి మాట్లాడాడు. ఆరాధన జరిగినా అది పారిష్ చర్చి కాదు. దాని చుట్టూ హద్దులు లేవు, తన దగ్గర పెళ్లి చేసుకునే హక్కున్న వీధులు దానికి లేవు. అది ఒక ప్రసంగానికీ ఒక స్నేహానికీ స్మారకం.

పారిష్‌కు సంబంధించినవి మాత్రం లండన్‌లోనే ఉండిపోయాయి. మిల్టన్ పెళ్లి నమోదైన పేజీ, హెమింగ్స్, కాండెల్‌ల ధూళి, కాలమీ ధూళి ఓడ ఎక్కలేదు. ఆ తోటలో 1896లో నిలిపిన గులాబీ రంగు గ్రానైట్ స్మారకం మీద షేక్‌స్పియర్ ముఖం ఉన్నా, దాని మీది రాత ఆ ఇద్దరు నటుల గురించే. బాంబుల రాత్రినీ, రాళ్ల తరలింపునూ తట్టుకుని అది ఈ నాటికీ పాత పునాదుల పక్కనే నిలబడి ఉంది.